మావయ్యగారి చావు, తడిమేజోళ్ళ కచేరీ

ఆ శనివారం బ్రైడీ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం ఒంటిగంటకి పిల్లాడిని పడుకోబెట్టాలి. వాడు నాలుగు దాకా లేవకూడదు. అలా నిద్రపోతే సాయంత్రం పేచీ పెట్టకుండా తాత ఒళ్ళో ఆడుకుంటాడు; చూసుకుంటానని తాత ఒప్పుకున్నాడు. వాడు తాత ఒళ్ళో ఆడుకుంటుంటే తను ఆరున్నరకి ఫిడేలు పెట్టె భుజాన వేసుకుని కొండ దిగి, కోన్ హైన్స్ బారుకి వెళ్ళి, ఏడింటికి తడిమేజోళ్ళతో కలిసి వాయిస్తుంది. ఇందులో ఎవరికీ కష్టం కలిగించే సంగతి ఒక్కటీ లేదని, తెల్లవారుజామున నాలుగింటి నుంచి పిల్లాడిని భుజాన వేసుకుని తిరుగుతూ పదిసార్లు సరిచూసుకుంది.

తడిమేజోళ్ళంటే గానెట్ కోవ్ అనే ఆ రేవు ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ముత్తాతలు ఐర్లండు నుంచి ఓడల్లో మోసుకొచ్చిన పాటలకి కరెంటు గిటారూ డ్రమ్ములూ తగిలించి, తాతలు కళ్ళు మూసుకుని పాడుకున్న వాటికి మనవలు బల్లలెక్కి గెంతేలా వాయించే బృందం అది. డెర్మట్ టోబిన్ అకార్డియన్ వాయిస్తూ పాడతాడు. గిటారుకొకడు, డ్రమ్ములకొకడు, మేకతోలు డప్పుకొకడు. ఫిడేలు బ్రైడీది. పదహారో ఏట చర్చి హాలు వెనక గదిలో ఆ బృందాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఆమె ఒకతె. దానికోసం బడి కూడా మానేసింది. ఆ తర్వాత పెళ్ళి, పీతల వేటకి పోయే మొగుడు, ఇప్పుడు పదకొండు నెలల డెక్లన్. ఆమె బారులో ఫిడేలు పట్టి పద్నాలుగు నెలలైంది. ఆ ఖాళీలోకి సెయింట్ జాన్స్ పట్నం నుంచి జిలియన్ అనే పిల్ల వచ్చి నిలబడింది. సంగీతం కాలేజీలో చదువుకున్న పిల్ల. ఎంతసేపు వాయించినా చెమట పట్టదు.

"ఒకసారి జ్వరమన్నావు, ఒకసారి పళ్ళొస్తున్నాయన్నావు," అన్నాడు డెర్మట్ పోయిన వారం, కొట్టు ముందు పిల్లాడి బండికి అడ్డం నిలబడి. "ఈ శనివారం వేసవి ఉత్సవం వాళ్ళ తరఫున ఒకావిడ మన కచేరీ చూడ్డానికి వస్తోంది. ఆ రోజు ఎవరు వాయిస్తే వాళ్ళే ఉత్సవానికి. నువ్వొస్తే నీ చోటు నీది. రాకపోతే జిలియన్‌ది. తర్వాత నన్ను తిట్టుకోకు."

"వస్తాన్రా."

"రెండుసార్లు ఇదే అన్నావు."

"చచ్చినా వస్తాను, చాలా?"

మొగుడు మార్టిన్ శుక్రవారం నుంచీ సముద్రం మీద ఉన్నాడు. ఇంట్లో మిగిలింది మావగారు లియాండర్. డెబ్బై ఆరేళ్ళ మనిషి. చలికాలమంతా ఛాతీ జబ్బుతో మంచంలో ఉన్నాడు. ఫాదర్ గారు రెండుసార్లు వచ్చి ఆఖరి ప్రార్థన కూడా చేసి వెళ్ళారు. రెండుసార్లూ ఆయన మర్నాడే లేచి వేయించిన చేప అడిగాడు. అప్పటి నుంచీ పొద్దున్నే వీధి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, పోయే ప్రతి బండికీ ఒక వేలు పైకెత్తుతాడు. ఊళ్ళో ఎవరూ ఆయన ఒంట్లో ఎలా ఉందని అడగరు. కిటికీలో వేలు లేస్తే ఉన్నట్టే.

"మావయ్యా, ఇవాళ మధ్యాహ్నం కాస్త కింద షెడ్డులో కూర్చుంటారా?" అంది బ్రైడీ, ఆయన ముందు టీ కప్పు పెడుతూ. "మీరు దగ్గితే వీడు లేచిపోతున్నాడు."

"అంటే నా ఇంట్లో నేను దగ్గకూడదన్నమాట."

"ఒక్క పూట. సాయంత్రం నుంచి మీ ఇష్టం, ఎంతైనా దగ్గండి."

"కిటికీలో నేను లేకపోతే జనం ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు మావయ్యా? విశ్రాంతి తీసుకుంటున్నారనుకుంటారు."

ఆయన గొణుక్కుంటూ ఫ్లాస్కు, రెండు ఎండుద్రాక్ష బన్నులు పట్టుకుని, పెరటి మెట్లు దిగి నీటి ఒడ్డున ఉన్న షెడ్డుకి వెళ్ళాడు. అక్కడ ఆయన పాత పడవ ఉంది. దాని పాత రంగు పెచ్చులు గీకితే వచ్చే చప్పుడు భరించలేక చెవిలో మిషను తీసి జేబులో వేసుకుంటాడు. ఆ తర్వాత తుపాకీ పేల్చినా ఆయనకి వినపడదు.

ఒంటిగంటకి డెక్లన్ పడుకోనన్నాడు. బ్రైడీ వాడిని ఎత్తుకుని, వెలుగు రాకుండా వీధివైపు కిటికీ తెరలన్నీ దించింది. కాసేపు కళ్ళు మూశాడు. గోడ గడియారం పావుగంట కొట్టింది, కళ్ళు తెరిచాడు. ఆమె కుర్చీ ఎక్కి దాని లోలకం ఆపేసింది. మేడ మెట్ల దగ్గర నిలువుటద్దంలో తన మొహం తనకే కనబడి వాడు కేరింతలు కొట్టాడు. ఆమె దుప్పటి తెచ్చి అద్దం మీద కప్పింది. ఫోను మోగుతుందేమోనని సోఫా దిండ్ల కింద కుక్కింది. రెండింటికి పది నిమిషాలుందనగా డెక్లన్ పెద్ద నిట్టూర్పు విడిచి, వేలు నోట్లో పెట్టుకుని నిద్రపోయాడు. ఆమె వాడిని పై గదిలో పడుకోబెట్టి, మెట్ల మీద చప్పుడు చేసే మూడో మెట్టు దాటేసి కిందికి వచ్చింది.

గానెట్ కోవ్‌లో పట్టపగలు వీధి కిటికీల తెరలు దించేది ఒక్క సందర్భంలోనే, ఇంట్లో శవం ఉన్నప్పుడు. గడియారం ఆపేదీ, అద్దం మీద గుడ్డ కప్పేదీ కూడా అప్పుడే. బ్రైడీకి తెలియక కాదు. వాళ్ళ అమ్మమ్మ పోయినప్పుడు గడియారం ఆపింది ఆమె చేతులే. కానీ పదకొండు నెలలుగా వరసగా మూడు గంటలు నిద్రపోని మనిషికి తెర అంటే వెలుగుని ఆపేది, గడియారం అంటే పిల్లాడిని లేపేది. అంతకుమించి బుర్రలో చోటు లేదు.

పైగా ఆమె సామాన్ల గదిలో దూరి, తలుపు వేసుకుని, ఫిడేలు తీసింది. కచేరీ మొదట్లో రెండు నిమిషాలు ఫిడేలు ఒక్కటే మోగాలి. సముద్రంలో పోయినవాళ్ళ మీద కట్టిన పాత రాగం. జనమంతా గుక్క తిప్పుకోలేకుండా విన్నాక ఒక్కసారిగా గిటారూ డ్రమ్ములూ విరుచుకుపడతాయి. ఆ విరుచుకుపడే భాగం ఆమెకి నిద్రలో కూడా వచ్చు. భయమంతా ఆ రెండు నిమిషాల గురించే. తీగల మీద బట్టల క్లిప్పు ఒకటి బిగించి, గొంతు నొక్కినట్టు సన్నగా, ఆ ఏడుపు రాగాన్నే మళ్ళీ మళ్ళీ వాయించుకుంది.

ఎదురింటి ఫిలమీనా తన వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంది. చర్చి హాలులో పెళ్ళయినా, చావైనా వంటలు ఆవిడ చేతి మీదే జరగాలి. ముందు కుర్చీ ఖాళీగా ఉండడం చూసింది. తర్వాత తెరలు ఒకటొకటిగా దిగడం చూసింది. ఫోను చేసింది, ఎవరూ ఎత్తలేదు. వీధిలోకొచ్చి చెవి పెట్టింది. లోపలి నుంచి ఫిడేలు ఏడుస్తోంది. ఫిలమీనా ఏప్రను విప్పి, తల దువ్వుకుని, ముగ్గురికి ఫోను చేసింది. ఆ ముగ్గురూ చాలు. అరగంటలో చర్చి ముందు జెండా సగానికి దిగింది.

ఉప్పు మాంసం వేసిన బఠాణీ సూపు గిన్నె పట్టుకుని ఆవిడ వెనక తలుపు తోసుకుని వచ్చింది. ఆ ఊళ్ళో తలుపు తట్టేది పోలీసులూ, పరాయివాళ్ళూ మాత్రమే. ఆగిన గడియారాన్నీ, దుప్పటి కప్పిన అద్దాన్నీ ఒకసారి చూసి, సూపు గిన్నె పొయ్యి మీద పెట్టి, సామాన్ల గదిలోంచి బయటికొచ్చిన బ్రైడీని గట్టిగా కావిలించుకుంది.

బ్రైడీని ఎవరైనా కావిలించుకుని ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. అలా నిలబడి భోరుమంది.

"ఏడువమ్మా, ఏడువు. ఎప్పటి నుంచి?"

"తెల్లారుజామున నాలుగింటి నుంచి పిన్నీ. ఒకటే అవస్థ."

"నాకో ఫోను కొట్టకూడదా!"

"ఆ వేళప్పుడు ఎవర్ని లేపుతాను? ఇప్పుడే, అరగంటైంది. హాయిగా నిద్ర పట్టింది. మొహం చూస్తే ఎంత ప్రశాంతంగా ఉందో!"

ఫిలమీనా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. "స్నానం?"

"చేయించా. బట్టలు మార్చా."

"ఒక్కదానివేనా?"

"రోజూ నేనేగా పిన్నీ. ఎవరొస్తారు?"

ఆ మాట ఫిలమీనాకి ఎక్కడో తగిలింది. పోయిన ఆదివారం చర్చి మెట్ల మీద ఈ పిల్ల, "నావల్ల కావట్లేదు పిన్నీ," అంటే తను, "మేమంతా ఇలాగే పెంచాం," అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. "మేం ఉన్నాం కదమ్మా," అంది ఇప్పుడు. "ఒక్కసారి పైకెళ్ళి చూసొస్తా."

"వద్దు! మీకు దణ్ణం పెడతా పిన్నీ, పైకి ఎవరూ వెళ్ళొద్దు. నాలుగు దాకా లేవకుండా ఉంటే చాలు నాకు."

ఫిలమీనా ఆమె తల నిమిరింది. "లేవడమ్మా," అంది మెల్లగా. "ఇంక లేవడు."

"మీ నోటి చలవ వల్ల!" అంది బ్రైడీ, కళ్ళు తుడుచుకుంటూ.

పిల్లకి దుఃఖంతో మతి చలించిందని, ఫాదర్ గారు వచ్చేదాకా మేడ మీదికి ఎవరూ వెళ్ళకూడదని ఫిలమీనా గట్టిగా తీర్మానించింది.

మూడింటికి ఏడుగురు ఆడవాళ్ళు వచ్చారు. తలా ఒక పళ్ళెం. చల్లారిన హామ్ ముక్కలు, బీట్‌రూట్ కలిపిన గులాబీ రంగు బంగాళదుంపల ముద్ద, ఆవపిండి కలిపిన పసుపు రంగు దుంపల ముద్ద. ఒకావిడ అంట్లు తోమింది. ఒకావిడ మూడు రోజుల మాసిన బట్టలు తీసుకెళ్ళింది. ఇంకొకావిడ బ్రైడీని కుర్చీలో కూర్చోబెట్టి, డబ్బాపాలు పోసిన టీ చేతికిచ్చి, "కదిలావంటే కాళ్ళిరగ్గొడతా," అంది. అందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు. అందరూ మునివేళ్ళ మీద నడుస్తున్నారు. ఇంత నిశ్శబ్దం ఆ ఇంట్లో డెక్లన్ పుట్టాక ఎన్నడూ లేదు.

బ్రైడీకి విషయం అర్థమైంది. తను ఆదివారం అన్న మాట ఫిలమీనా పిన్ని ఊరికే వదిలెయ్యలేదు. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ చెప్పింది. వాళ్ళకి ఆలస్యంగానైనా కనబడింది, ఒక పిల్ల నిద్ర లేక నీలుక్కుపోతోందని. తను వీళ్ళ గురించి మనసులో ఎన్ని అనుకుంది! సిగ్గేసింది. పెట్టిన హామ్ ముక్క బుద్ధిగా తినేసింది.

నాలుగింటికి మగవాళ్ళు హాలులోని మడత కుర్చీలు మోసుకొచ్చారు. ఒక్కొక్కరే టోపీ తీసి, ఆమె చెయ్యి పట్టుకుని, "నీ కష్టానికి బాధగా ఉందమ్మా," అన్నారు. మగవాళ్ళు కూడా! బారు యజమాని కోన్ హైన్స్ అంతటివాడు ఆమె ముందు తలవంచుకుని నిలబడ్డాడు.

"ఏం కావాలన్నా అడుగమ్మాయ్. మొహమాటపడకు."

"ఏమొద్దు కోన్ అన్నయ్యా. ఆ పళ్ళొక్కటి వచ్చేస్తే అంతా సర్దుకుంటుంది," అంది బ్రైడీ.

కోన్ ఒక నిమిషం ఆలోచించాడు. తర్వాత ఇద్దరు మనుషుల్ని పక్కకి పిలిచి, లియాండర్ గారి కట్టుడు పళ్ళు ఇంట్లో ఎక్కడో పోయాయని, అవి లేకుండా శవపెట్టెలో పెడితే మొహం లోపలికి పోయి బాగుండదని, కోడలు పాపం దానికోసమే కుమిలిపోతోందని చెప్పాడు. ఆ ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ సోఫా కిందా, బొగ్గుల డబ్బాలో, పొయ్యి వెనకా వెతకడం మొదలుపెట్టారు. బొమ్మలేవో వెతుకుతున్నారనుకుంది బ్రైడీ. ఇంత మంచివాళ్ళని ఎందుకు వారించాలి?

ఇంతలో కోన్ రేడియోలో పడవకి కబురంపాడు. ముప్పై మైళ్ళ అవతల మార్టిన్ వాళ్ళ పడవ పీతల బుట్టలు సగం నీళ్ళలోనే వదిలేసి, ముక్కు ఊరివైపు తిప్పింది.

నాలుగు దాటింది, అయిదు దాటింది, డెక్లన్ లేవలేదు. బ్రైడీకి ఒక్కటే చింత: మావయ్యని కేకేసి లోపలికి రమ్మనాలి, తల దువ్వుకోవాలి. కానీ కుర్చీలోంచి లేస్తే చాలు ముగ్గురు ఆడవాళ్ళు భుజాలు పట్టి కూర్చోబెడుతున్నారు. అయిదున్నరకి డెర్మట్ వచ్చాడు. నల్ల కోటు వేసుకున్నాడు. వెనక బృందమంతా ఉంది. జిలియన్ కూడా, నల్ల గౌనులో, చేతిలో ఫిడేలు పెట్టెతో.

"కచేరీ ఆపేశాం బ్రైడీ," అన్నాడు డెర్మట్.

"ఏంటి?"

"కోన్ బారు మూసేశాడు. మైకులు విప్పేశాం. ఆ ఉత్సవం ఆవిడక్కూడా రావద్దని మెసేజి పెట్టా."

"ఒరే, నేనొస్తానన్నాగా! పడుకోబెట్టా, అన్నీ సర్దుకున్నా, పొద్దుట్నుంచీ దీనికోసమే చస్తున్నా..."

"ఇలాంటి రోజున నువ్వు రావడమేంటి? వచ్చినా మేమెలా వాయిస్తాం? పైన మీ మావయ్య అలా..."

"మావయ్య పైన లేరు. షెడ్డులో ఉన్నారు."

డెర్మట్ నోరు తెరిచాడు. "షెడ్డులోనా? ఆయన్ని షెడ్డులో పెట్టావా?"

ముప్పై అయిదు మంది ఆమె వైపు తిరిగారు. బొగ్గుల డబ్బాలోంచి ఒకడు తలెత్తాడు. అప్పుడు బ్రైడీ ఆ నల్ల బట్టలని చూసింది. చేతుల్లోని టోపీలని చూసింది. దించిన తెరలు, ఆగిన గడియారం, అద్దం మీద దుప్పటి. వీళ్ళెవరూ తనకోసం రాలేదు.

ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. మధ్యాహ్నం నుంచీ ఒక్క దగ్గయినా వినపడలేదు.

"మావయ్యా!" అని అరుస్తూ పెరటి మెట్లు దిగి పరిగెత్తింది. ఊరంతా ఆమె వెనక పరిగెత్తింది. షెడ్డులో, పాత పడవ అడుగున, గుండెల మీద రెండు చేతులూ పెట్టుకుని, మొహం మీద టోపీ వేసుకుని లియాండర్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఫిలమీనా మోకాళ్ళ మీద కూలబడింది. బ్రైడీ ఆయన భుజం పట్టి కుదిపింది. ఇంకోసారి కుదిపింది.

టోపీ కిందికి జారింది. "టీ వేళయిందా?" అన్నాడు లియాండర్. తర్వాత తలుపు దగ్గర జనాన్ని చూసి, తాపీగా లేచి కూర్చుని, జేబులోంచి మిషను తీసి చెవిలో పెట్టుకున్నాడు. "ఏంటి, ఇంతమంది? ఎవరు పోయారు?"

"నువ్వే," అన్నాడు కోన్.

"నేనా? ఎప్పుడు?"

"మధ్యాహ్నం రెండింటికి," అంది ఫిలమీనా, కాస్త కోపంగానే.

"పళ్ళు ఆయన నోట్లోనే ఉన్నాయర్రా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అంతే, షెడ్డు పైకప్పు ఎగిరిపోయేలా జనం కేకలు వేశారు. ఆ కేకలకి కొండ మీద ఇంట్లో డెక్లన్ లేచాడు.

ఆ సంబరం అయిదు నిమిషాలుంది. తర్వాత అంతా ఇంట్లోకొచ్చాక, తాము వండిన వంటలు గుర్తొచ్చాయి.

"నలభై బన్నులు చేశానమ్మాయ్, మోకాళ్ళ నొప్పులతో," అంది ఒకావిడ.

"ఫాదర్ గారు ఎక్కడో పెళ్ళి సగంలో వదిలేసి వస్తున్నారట."

"మార్టిన్ పడవ వెనక్కి తిప్పాం. ఆ పీతల సంగతి కెప్టెన్‌కి ఎవరు చెబుతారు?"

బ్రైడీ ఏడుస్తున్న పిల్లాడిని చంకన వేసుకుని మధ్యలో నిలబడింది. "ఎవరో పోయారని నేను అనలేదు పిన్నీ," అంది.

"వేరే అనాలా? ఇల్లంతా అంటుంటే!" అంది ఫిలమీనా. "పట్టపగలు వీధి తెరలు దించుతారటే ఎవరైనా? మీ అమ్మమ్మ ఉంటే సిగ్గుతో చచ్చేది."

"వీడు పడుకోవట్లేదని..."

"మేమూ కన్నాం తల్లీ. నలుగుర్ని. ఒక్క తెర దించలేదు."

మూడింటికి "కదిలావంటే కాళ్ళిరగ్గొడతా" అన్నావిడ హామ్ పళ్ళెం మీద మళ్ళీ గుడ్డ కప్పి తీసుకెళ్ళిపోతోంది. మాసిన బట్టలు తీసుకెళ్ళినావిడ వాటిని తడిగానే తెచ్చి గుమ్మంలో పెట్టింది.

కోన్ చేతులెత్తాడు. "ఊరుకోండి! చచ్చినోడు లేచాడు, ఇంకేం కావాలి? బారు తెరుస్తున్నా. లియాండర్ తాగినంత నాది. తిండి అంతా అక్కడికే పట్టండి. డెర్మట్, మైకులు తగిలించు!"

డెర్మట్ అప్పటికే ఫోను చూస్తున్నాడు. పట్నం నుంచి వచ్చే బీడు దారిలో సిగ్నల్ ఉండదు. రావద్దన్న మెసేజి ఆ ఉత్సవం ఆవిడకి అందనే లేదు. ఇంకో అరగంటలో దిగుతుంది.

బ్రైడీకి ప్రాణం లేచొచ్చింది. "అయిదు నిమిషాల్లో వచ్చేస్తాన్రా," అంది. "మావయ్యా, వీణ్ణి పట్టుకోండి, పాలు పొయ్యి మీద..."

మావయ్య అక్కడ లేడు. శవానికి తొడగాలని ఫిలమీనా ఇస్త్రీ చేసి ఉంచిన సూటు వేసుకుని, అద్దం మీద దుప్పటి తీసి చూసుకుంటున్నాడు. "వదులైందే," అన్నాడు.

"మావయ్యా, పిల్లాడు! మీరు చూసుకుంటానన్నారు."

"ఒక్క గంట అమ్మాయ్."

"ఆ ఒక్క గంటే మావయ్యా నాక్కావలసింది."

"నా చావుకొచ్చిన జనం. నేను మొహం చూపించకపోతే మర్యాదగా ఉంటుందా?" అన్నాడు లియాండర్. ఆయన గొంతులో కపటం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. "అవునూ, డెర్మట్ వాళ్ళన్న, ఆ టోబిన్ల పెద్దాడు రాలేదేం? గుర్తుపెట్టుకుంటా." ఇద్దరు మనుషులు ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి భుజాల మీద పెట్టుకున్నారు.

ఆమె ఫిలమీనా వైపు చూసింది. "నా గిన్నెలన్నీ బారుకి మొయ్యాలి తల్లీ," అంది ఫిలమీనా. మిగతా ఆడవాళ్ళ వైపు చూసింది. ఎవరి చేతిలో వాళ్ళ పళ్ళెం ఉంది. పిల్లాడిని ఎత్తుకుని వెళ్దామంటే కోన్ గుమ్మం దాటనివ్వడు. బారులో పిల్లలు కనబడితే లైసెన్సు పోతుందని అతని భయం.

ఆఖరికి డెర్మట్ వైపు చూసింది. అతను అకార్డియన్ పట్టీ సర్దుకుంటూ, "జిలియన్ ఎలాగూ ఫిడేలు తెచ్చుకుంది," అన్నాడు. "చర్చిలో వాయించాల్సొస్తుందేమోనని. ఈ ఒక్కసారికి..."

"నా చోటు నాదేనన్నావు."

"వస్తే అన్నాను బ్రైడీ."

జిలియన్ ఒక్కతే ఆగి, డెక్లన్ బుగ్గ నిమిరి వెళ్ళింది.

ఏడింటికి బ్రైడీ తెరలు పైకి లాగి, మావగారి కుర్చీలో పిల్లాడితో కూర్చుంది. జూన్ నెల ఎండ ఇంకా నీళ్ళ మీద తెల్లగా ఉంది. డెక్లన్ నాలుగు గంటల నిద్ర తీసిన మనిషి. ఒళ్ళో నిలబడి ఆమె ముక్కు పట్టుకుని గుంజుతున్నాడు. కింద బారు తలుపులు తెరిచే ఉన్నాయి. ఫిడేలు ఒక్కటే మొదలైంది. ఆ రెండు నిమిషాలూ ఆమె ఊపిరి బిగబట్టి విన్నది, ఎక్కడైనా ఒక్క తప్పు దొర్లుతుందేమోనని. దొర్లలేదు. తర్వాత గిటారూ డ్రమ్ములూ విరుచుకుపడ్డాయి, ఊరు ఊరంతా బల్లలెక్కిన చప్పుడు కొండ మీదికి వచ్చింది.

మావయ్య నిజంగానే పోయి ఉంటే, అనుకుంది బ్రైడీ. కచేరీ వచ్చే శనివారానికి మారేది. మూడు రోజులు పిల్లాడిని ఎవరో ఒకరు ఎత్తుకునేవాళ్ళు. అంట్లు తోమేవాళ్ళు. తను పడుకునేది. ఆలోచన అంతదాకా వచ్చాక ఉలిక్కిపడి, శిలువ గుర్తు వేసుకుని, పిల్లాడి చేతిలో ఒక బిస్కెట్టు పెట్టింది.

ఎనిమిదింటికి పడవ రేవులోకి రావడం కనబడింది. మార్టిన్! ఆమె లేచి, ఒక చేత్తో పిల్లాడిని పట్టుకుని ఇంకో చేత్తో కోటు తొడుక్కుంది. ఫిడేలు పెట్టె గుమ్మం దగ్గర పెట్టుకుంది. కచేరీ తొమ్మిదిన్నర దాకా ఉంటుంది. మొగుడు పైకి రావడానికి పది నిమిషాలు, తను దిగడానికి పది. రెండో సగమైనా ఆ ఉత్సవం ఆవిడ తనని చూస్తుంది. కోటులోనే పావుగంట నిలబడింది. అప్పుడు సోఫా దిండ్ల కింద ఫోను గుర్రుమంది. తీసి చూసింది. "నాన్న బానే ఉన్నాడు. ఇక్కడే డాన్స్ చేస్తున్నాడు. నేనూ ఇక్కడే ఉన్నా. నువ్వు కంగారు పడకు."

ఆ కచేరీ సంగతి బ్రైడీకి మర్నాడు కనీసం తొమ్మిది మంది చెప్పారు. తడిమేజోళ్ళు ఎప్పుడూ అలా వాయించలేదట. మూడో పాటకి లియాండర్ ఆ వదులు సూటుతో వేదిక ఎక్కి, వంటింటి చెంచాలు రెండు మోకాలి మీద వేసి కొడుతూ తాళం వేశాడట. ఉత్సవం ఆవిడ ఏడ్చిందట, నవ్విందట, బృందాన్ని అక్కడికక్కడే ఒప్పుకుందట, కానీ ఒక షరతు పెట్టిందట: ఆ పెద్దాయన కూడా రావాలి.

దాంతో వేదిక మీద మనుషులు ఆరుగురయ్యారు. ఏడో మనిషికి కోన్ బారులోనే చోటు లేదు, ఇక ఉత్సవం వాళ్ళ వ్యానులో ఎక్కడుంటుంది? లియాండర్‌కి సాధన కావాలని డెర్మట్ మంగళ, గురు, శనివారాలు పెట్టాడు. మంగళవారం ఆయన మెడకి రుమాలు కట్టుకుని, చెంచాలు జేబులో వేసుకుని బయల్దేరుతూ గుమ్మంలో ఆగాడు.

"నీ ఫిడేలు కూడా తీస్తూ ఉండమ్మాయ్. ఊరికే పెడితే పాడవుతుంది," అన్నాడు ప్రేమగా.

వేసవంతా ఊళ్ళో ఎవరు ఎక్కడ కలిసినా బ్రైడీ ఎంత బాగా వాయించేదో చెప్పుకున్నారు, ఇంట్లో పిల్లాడిని చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలి కదా అని కూడా అందరూ ఒప్పుకున్నారు.